నాగప్ప పొట్టేలికి వచ్చిన జబ్బు

కరోనా తగ్గిన మరుసటేడు నన్ను హిందూపురం నుంచి పెనుకొండ పశువుల ఆసుపత్రికి అటెండరుగా మార్చినారు. ముప్పై దాటినాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినోణ్ణి. ఓపీ చీటీ రాసేది, జీవాన్ని కదలకుండా పట్టుకునేది నా పని. సూది వేసేది డాక్టరమ్మ.

ఒక పొద్దు పక్క పల్లె నుంచి నాగప్ప అనే గొర్రెలాయన ఒట్టి చేతులతో వచ్చినాడు. అరవై దాటింటాయి. డాక్టరమ్మను చూసి జంకి, నన్ను నీళ్ల తొట్టి కాడికి పిల్చుకుపోయినాడు. విత్తనం పొట్టేలికి హుషారు పోయిందంట. గొర్రెల పక్క చూడదంట, ఊరికే కసురుకుంటాదంట, పట్టపగలు నిద్రపోతాదంట.

"మగతనానికి సూది ఉండాదంట కదప్పా. ఇచ్చేయి, ఇంటికాడ నేనే పొడుస్తా."

జీవాన్ని చూడకుండా మందిచ్చేది మా శాఖలో లేదు. తోలుకొని రమ్మన్నా. మొగం మాడ్చుకొని పోయినాడు.

మరుసటి వారం పొట్టేలుతో వచ్చినాడు. వెంట పెండ్లాం లక్ష్మక్క. విత్తనం పొట్టేలి పరీక్షకు ఒక వరస ఉండాది. కండ్లు, డెక్కలు చూసి, వృషణాలు తడిమి, ఆఖర్న ఎదకొచ్చిన గొర్రె దగ్గర విడుస్తారు. ఈ పొట్టేలు అంతదాకా ఆగలేదు. తాడు పెరుక్కొని, కడుపులో పురుగులకు నట్టల మందు తాగించను తెచ్చిన వేరేవాళ్ల మందలోకి దూకింది. నేను పెంటలో పడినా.

"పగలు నిద్రపోతాదని ఈయన చెప్పినాడే!" అన్నా, లేస్తా.

లక్ష్మక్క కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "దీన్ని పట్టలేక చస్తాండానప్పా. నిద్రపోయేది, కసురుకునేది ఈయప్ప!"

నాకు నవ్వొచ్చి, అంతలోనే ఆయన ఇంటికాడ పొడుస్తానన్న సూది గుర్తొచ్చింది. "సూది ఎవురికప్పా?" అంటే నాగప్ప తన తొడ నిమురుకున్నాడు.

డాక్టరమ్మ తలెత్తకుండానే చెప్పింది. వయసు మీద పడితే కొందరు మగోళ్లకు టెస్టోస్టిరాన్ అనే హార్మోను తగ్గుతాది, సిగ్గేం లేదు. పశువుల సూది పొడుచుకుంటే మాత్రం ప్రాణం మీదికొస్తాది. హిందూపురం ఆసుపత్రిలో పొద్దున్నే, పరగడుపున, రక్తం ఇయ్యాల.

నాగప్ప పోయి రెండు తూర్లు రక్తం ఇచ్చినాడు. హార్మోను తక్కువే. దాని వెనకాల సుగరు దాక్కోనుండాది. కొన్నేండ్లుగా మంద వెంట నడవకుండా మోపెడ్ మీదే తిరుగుతాండాడంట. హిందూపురం డాక్టరు ముందు సుగరుకు మందిచ్చి, మోపెడ్ మాన్పించినాడు. కొన్ని నెలలకు లక్ష్మక్క మాకు జున్ను తెచ్చింది. ఎందుకని నేను అడగలేదు.

నాగప్ప యాడ చెప్పినాడో, ధర్మవరం నుంచి పొద్దంతా మగ్గం గుంతలో కూర్చొని చీరలు నేసే పెద్దాయన ఒకాయన ఒట్టి చేతులతో వచ్చినాడు. ఆయన పొట్టేలికీ హుషారు లేదంట.

"మగ్గం గుంతలో కట్టేసినావా అబ్బా దాన్ని?" అన్నా.

రిటైరయ్యేదాకా అదే పద్ధతి పెట్టుకున్నా. జీవం లేకుండా వచ్చి జీవం జబ్బు చెప్పే మగాణ్ణి ముందు కూర్చోబెట్టి, సుగరు ఎప్పుడు చూపించుకున్నావని అడిగేవాణ్ణి.