అద్దాన్ని పట్టి ఉంచే పోగులు

తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడిన ఆ ఎండాకాలం మానుకోటలో మా దుకాణం సగం వేసిన తలుపుల వెనక నడిచింది. దారాలు, గవ్వలు, బట్టల మీద కుట్టే చిన్న అద్దాలు అమ్మేవాళ్లం. పదహారేళ్ల నాకు బేరమాడటం తప్ప ఇంకో విద్య రాదు. మనవరాలి పెళ్లి లంగాకు అద్దాలు కావాలని తండా నుంచి ఒక లంబాడీ అవ్వ వస్తే, ధర తగ్గిస్తాను, నాకు కుట్టు నేర్పమన్నాను. ఆమె ధర తగ్గించొద్దు గానీ తండాకు రమ్మంది. ఆ బేరంలో గెలిచానో ఓడానో ఇప్పటికీ తెలియదు.

వాళ్ల పందిరి కింద మధ్యాహ్నాలు కలలా గడిచేవి. ఎర్రబట్ట మీది అద్దాల్లోంచి వెలుగు చుక్కలు లేచి మట్టిగోడ మీద ఈదేవి. అవ్వా, పెళ్లికూతురూ వాళ్ల భాషలో సన్నగా పాడుకునేవారు. మాటలు తెలియని నాకు ఆ పాట వేడిగాలిలో కలిసి జోకొట్టేది. అవ్వ నోటితో ఏమీ నేర్పలేదు. నాలుగు రోజులు పక్కన కూర్చుని చూడనిచ్చింది. ఐదో రోజు సూది చేతికిచ్చి, లంగా అంచున ఒక వరుస నాకు వదిలింది.

అద్దం మీదుగా పోగులు నిలువుగా, అడ్డంగా, మళ్లీ ఐమూలగా బిగించి, వాటిని అంచుకు లాగుతూ చుట్టూ కుట్టాలి. పని పూర్తయ్యాక ఆ తొలి పోగులు కనబడవు. కనబడని దానికి దారమెందుకు తగలెయ్యాలి? ఐమూల పోగులు ఎగ్గొట్టాను. నా వరుస వాళ్లిద్దరి వరుసల కంటే ముందే అయిపోయింది. మిగిలిన దారం ఉండ చూసుకుని నాలో నేనే మురిసిపోయాను.

పెళ్లికి రెండు రోజులుందనగా అవ్వ లంగాను అందుకుని గట్టిగా ఒక్కసారి దులిపింది. నా అద్దాలు రెండు జారి ఆమె ఒళ్లో పడ్డాయి.

"దారం మంచిగనే మిగిల్చినవు బిడ్డ. పెండ్లిల ఈ పిల్ల గుండ్రంగ తిరిగి ఆడుతది. ఉత్త కాళ్లతోని. గీ అద్దాలు రాలితే ఎవలి కాళ్లల్ల గుచ్చుకుంటయి?"

పెళ్లికూతురు తలెత్తకుండానే అంది: "దుకాణంల కూసునే చెయ్యి గద అవ్వా. ఇచ్చుడు అలవాటు లేదు."

సిగ్గేసినా నా బేరం బుద్ధి పోలేదు. కొత్త అద్దాలు ఊరికే తెస్తాను, మీరే కుట్టుకోండన్నాను. అవ్వ సూదిని నావైపే చాపింది.

"విప్పు," అంది.

వరుసంతా విప్పాను. రెండు రోజులు వేళ్లు పొడుచుకుంటూ, ఎవరికీ కనబడని పోగులన్నీ వేసి మళ్లీ కుట్టాను. అవ్వ తన పని పక్కన పెట్టి నా మోచేతి దగ్గరే కూర్చుంది. దారం వదులైనప్పుడల్లా చిటికెన వేలితో నొక్కేది, అంతే.

పెళ్లిలో ఆ పిల్ల గిరగిరా తిరుగుతుంటే అందరూ లంగా మెరుపు చూశారు. నేను మాత్రం ఆట ఆగేదాకా ఆమె కాళ్ల కింది దుమ్మునే చూస్తూ నిలబడ్డాను. అక్కడ ఏమీ మెరవలేదు.