పెదవుల మీది పాటలు

బుచ్చిరాములు పాటలను సూరత్‌లో ఇరవై ఆరేళ్ళుగా ఎవరూ వినలేదు. పాడలేదని కాదు. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో తల్లి బీడీలు చుడుతూ పాడిన రాగాలను చెవిలో పెట్టుకొని ఇరవయ్యో ఏట రైలెక్కిన మనిషి అతను. ఉధనా కార్ఖానాలో మగ్గం ముందు నిలబడి పన్నెండు గంటలూ పాడేవాడు. నూరు మరమగ్గాల మోత వానలా కురుస్తుంటే, పాట అందులో తడిసి ఇంకిపోయేది. పాట కట్టడమూ అక్కడే. మగ్గం తాళం వేసేది, అతను మాట అందించేవాడు. దేన్నీ కాగితం మీద పెట్టలేదు. నవాగామ్‌లోని అద్దె గదికి చేరాక అన్నం, నిద్ర. భార్య ఐలమ్మ కూడా ఒక్క పాటనైనా పూర్తిగా విన్నది లేదు.

కరోనా రెండో ఏడు అతన్ని పట్టుకుంది. పదిహేడు రోజుల తర్వాత ఊపిరి కుదుటపడింది, నాలుకకు పప్పు రుచి తెలిసింది. ఆ మధ్యాహ్నం పాడుకుందామని నోరు తెరిస్తే రాగం వచ్చింది గాని మాట రాలేదు. మరొకటి ప్రయత్నించాడు. మరొకటి. నలభై పాటలు, వాకిళ్ళు తెరిచి మనుషులు వెళ్ళిపోయిన ఇళ్ళలా ఉన్నాయి.

"జరం నన్ను ఇడిసి పాటలు తీస్కపోయింది," అన్నాడు ఐలమ్మతో.

"నిన్ను ఇడిసింది, గదే పదివేలు. జావ తాగు," అంది ఆమె. కాని రెండు రోజులు అతను గోడవైపు తిరిగి పడుకోవడం చూసి, ఆగయ్యకు కబురు పెట్టింది.

ఆగయ్య పందొమ్మిదేళ్ళుగా బుచ్చిరాములు ఎదుటి మగ్గం నడిపినవాడు. ఆ మోతకే అతని చెవులు సగం మూసుకుపోయాయి. జ్వరాల వల్ల కార్ఖానా బంద్ కావడంతో ఖాళీగా ఉన్నాడు. గది కింది గల్లీలో నిలబడి, పై వరండాలో ఉన్న బుచ్చిరాములు వైపు తలెత్తాడు.

"ఏమాయెనే బుచ్చన్నా?"

బుచ్చిరాములు ఏదో అన్నాడు.

"గా మాస్కు కిందికి గుంజరాదే. మూతి కనబడకుంటె నీ మాట నాకెట్ల తెలుస్తది?"

అతను గుంజాడు. "పాటలు పోయినయ్ తమ్మీ. ఒక్క ముక్క యాదికొస్తలేదు."

ఆగయ్య పెదవులను చదివి, వింతగా చూశాడు. "ఏడికి పోతయ్? నా కాడున్నయ్ గద."

మగ్గాల మధ్య చెవులకు పని లేదు. అక్కడ అందరూ ఎదుటివాళ్ళ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఆగయ్య ఆ పాటలను వినలేదు, చూశాడు.

"మరి ఇన్నేండ్లు జెప్పవైతివి?"

"నువ్వు అడగవైతివి. రాగం ఎట్లుంటదో నాకు తెల్వది. మాటలైతే తెలుసు."

ఆగయ్య తన మాస్కు దించి, గొంతు లేకుండా పెదవులు కదిపాడు. నేర్చుకున్నది అలాగే మరి. రేకుల కప్పు మీద పావురాల అడుగులు వినిపించేంత నిశ్శబ్దం. బుచ్చిరాములు వరండా ఇనుప కమ్మీ పట్టుకొని ఆ పెదవులనే చూశాడు. ఖాళీ ఇంట్లోకి ఎవరో దీపం తెచ్చినట్టు, అతని బొంగురు గొంతులో మాట వెలిగింది.

*పోగు తెగితే ముడి ఏసుకుంటి అవ్వా,*
*ఊరు తెగితే నేను ఏడ ముడి ఏతునే...*

ఐలమ్మ గరిటెతోనే వరండాలోకి వచ్చింది. "గిది నువ్వు గట్టిందేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కమ్మీ పక్కనే కూర్చుంది.

రెండో చరణం అయ్యాక ఆగయ్య పెదవులు ఆగిపోయాయి.

"ఆగినవేంది?" అన్నాడు బుచ్చిరాములు.

"ఆడ నేను నూలు కండె మార్చనీకి మొకం అటు తిప్పుత."

"పాడినప్పుడల్లానా?" అంది ఐలమ్మ.

"పాడినప్పుడల్లా వదినే," అన్నాడు ఆగయ్య నేల చూస్తూ. అది తల్లి చావు చరణమని బుచ్చిరాములుకు లీలగా తట్టింది. తల్లి పోయిన కబురు మగ్గాల దగ్గరే అందుకున్నవాడు ఆగయ్య కూడా.

పోయిన చరణం రాలేదు. బుచ్చిరాములు వేళ్ళు కమ్మీ మీద మగ్గం తాళం అందుకున్నాయి. పాటలో తల్లి బీడీ చాట ముందు కూర్చుంది, ఆకు కత్తిరిస్తూ కొడుకును పాట అడిగింది. మాట వెనక మాట, కొత్తవి, తడి ఆరనివి. జ్వరం వీటిని ముట్టుకోలేదు.

"తమ్మీ, గీసారి మొకం తిప్పకు," అన్నాడు.

"ఈడ కండెలెక్కడివే, తిప్పనీకి?" అని ఆగయ్య తలెత్తి చూస్తూ నిలబడ్డాడు.