పిర్నీ అంటే టోపీ

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. పెద్దల బడిలో పంతులు ఇష్టమైన మాట ఒకటి రాయమంటే పలక మీద "పిర్నీ" అని రాశాను. ఆయన దాన్ని "ఫిర్నీ" అని దిద్దాడు. "దిద్దొద్దు సార్. అది తినేది, ఇది తలకు పెట్టుకునేది" అన్నాను. అట్లాంటి మాటే లేదన్నాడు. ఉంది. నేను విన్నాను. గొంతెత్తి అరిచాను కూడా.

కువైట్‌లో, అహ్మదిలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో పనిచేశాను. ఆయన ఏసీ వేస్తే ఇల్లంతా మంచుగడ్డే. వయసు మళ్ళిన ఆయన భార్య పాపం, చెవులదాకా చారల ఉన్ని టోపీ లాక్కుని పడుకునేది. నేను చేరిన కొత్తలో "నా పిర్నీ ఎక్కడ?" అని అడిగింది. రాయచోటిలో మా పక్కింటి సాయిబులమ్మ రంజానుకు పెట్టే ఫిర్నీయే నాకు తెలుసు. బియ్యం నూరి, పాలు కాచి, చక్కెర వేసి, గిన్నెతో మంచం దగ్గరికి తీసుకుపోయాను. ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, దిండు కింద వెతికి టోపీ తీసి చూపించింది. అది వాళ్ళ అవ్వ ఊరి మాటట. ఇప్పుడు ఆ ఊళ్ళోనూ ఎవరూ అనరట, మొగుడికే తెలియదట. అప్పటినుంచి నేను పిర్నీ అంటే చాలు, "తలకా, కడుపుకా?" అనేది. మా మాటలు సగం అరబ్బీ, సగం హిందీ. కోపం వస్తే నాది తెలుగు.

ఇరాక్ సైన్యం వచ్చిన కొద్దిరోజులకే, ఆఫీసుకు పోయిన ఇంజనీరును పట్టుకుపోయారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళ కోసం ఇల్లిల్లూ వెతికారు. దాచినవాళ్ళనూ చంపుతారని జనం చెప్పుకున్నారు. నేను ఆమెను ఇంట్లోనే దాచాను.

ఒక మధ్యాహ్నం గేటు ముందు జీపు ఆగింది. వంటింట్లోంచి "పిర్నీ! పిర్నీ!" అని గొంతు చించుకుని అరిచి, నిదానంగా పోయి తలుపు తీశాను. ఇద్దరు సిపాయిలు.

"ఏం అరుస్తున్నావ్?" అని అరబ్బీలో అడిగాడు ఒకడు.

"తిండి. తింటావా?"

రెండోవాడు తిన్నగా పడకగదిలోకి పోయాడు. నా కేక తలకేనని అర్థమై, ఆమె అప్పటికే టోపీని మెడదాకా లాగి, దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

"ఎవరీమె?"

"ఉమ్మీ. మా అమ్మ. జబ్బు."

వాడు టోపీ మీదికి చెయ్యి చాచాడు. ఆ చేతి మీద ఒక్కటి వేశాను. "అయిబ్! సిగ్గులేదా? ముసలిదాని నెత్తిన చెయ్యేస్తావా? మీ అమ్మకైతే ఇట్లనే చేస్తావేంరా?" వాడికి సగం అర్థం కాలేదు. గొంతు మాత్రం అర్థమైంది. గడపలో ఉన్నవాడు నవ్వి "యల్లా", పోదాం పద అన్నాడు. టీవీ మోసుకుని పోయారు.

జీపు పోగానే ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "నేనే పోయి లొంగిపోతాను. లేకుంటే నిన్ను చంపుతారు."

"యాడికి పొయ్యేది? నీ మొగుడు లేడు గదా, ఈ ఇంటికి ఇప్పుడు నేనే కఫీల్, నేనే యజమాని. నేను కాయితం ఇయ్యందే నువ్వు గేటు దాటేదానికి లేదు. కూచో."

"నీకు భయం లేదా?"

"ఉండాది. ఉంటే ఏమి? రా, అన్నం తిందువు."

గేటు తాళంచెవి మొలలో దోపుకున్నాను.

మా కడపవాళ్ళు జోర్డాన్ పోయే బస్సులో నాకు చోటు పెట్టి పిలిచారు. "తెల్లామె కోసం చస్తావా? నీ పిల్లోళ్ళ సంగతేంది?" అని ఒకాయన తిట్టాడు. "నువ్వు పో అన్నా" అన్నాను. ఇంగ్లీషు ఆడవాళ్ళను వదిలేస్తున్నారని విన్నా, వాళ్ళు బస్సెక్కడం నా కళ్ళతో చూసేదాకా ఆమెను గేటు దాటనివ్వలేదు. చూశాకే తాళం తీసి, ఆమెనూ ఎక్కించాను. నా బస్సు పోయింది. పోతే పోయింది.