నర్సవ్వ దిగిన ఇసుక తిన్నె

తొంభై ఎనిమిది కార్తీకమాసంలో మేడ్చల్‌లోని ఒక ప్రయాణాల సంస్థ నన్ను పాపికొండల లాంచీకి టూర్ మేనేజరుగా వేసింది. పేరు గొప్పదే గానీ, పనంతా మనుషుల్ని లెక్కపెట్టుకోవడం. రేవు వచ్చినప్పుడల్లా లాంచీ మీంచి గట్టుకు బల్ల వేస్తారు. ఒక్కొక్కరే దిగాలి, ఒక్కొక్కరే ఎక్కాలి. నీళ్ల మీద సరంగుదే, అంటే లాంచీ నడిపేవాడిదే, ఆఖరి మాట. గట్టు మీద నాది.

ఆ రోజు బృందంలో శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే సాయిలు, ఆయన భార్య నర్సవ్వ ఉన్నారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఏటవాలు బల్ల మీద నడవలేదు. పోశమ్మగండి దగ్గర దిగలేదు. పేరంటాలపల్లిలోనూ అంతే. సాయిలు ఒక్కడే వెళ్లొచ్చి, "ఏమున్నదే ఆడ, అన్నీ మెట్లే" అని తేల్చేశాడు. అబద్ధం! అక్కడి వాగు చూసి ఆయన నోరెళ్లబెట్టడం నేను కళ్లారా చూశాను. పెళ్లాం చిన్నబోతుందని ఆ బుకాయింపు.

భోజనాలయ్యాక ఆమె నన్ను పిలిచి కొంగుముడి విప్పి చూపించింది. పసుపు, కుంకుమ.

"సారూ, గీయన పొద్దుందాక నీళ్లల్లనే ఉంటడు. ఏటేటా గంగమ్మకు నా చేతులతోటి ఇస్త. నీళ్లల్ల నిలవడే ఇయ్యాలె, మీదికెళ్లి ఇసిరేస్తె ఎట్ల? గీ యేడు మోకాళ్లు వట్టుకపోయి చెరువుల దిగలే. గోదారి తల్లికన్న ఇయ్యకుంటె నాకు నిద్ర పట్టది" అంది.

చివరి మజిలీ కొల్లూరు ఇసుక తిన్నె. ప్రయాణికుల్ని వేరే పడవలోకి మార్చకూడదన్నది మా నియమం. అయినా సరంగును బతిమాలాను. "జారితే పూచీ మీదేనండోయ్" అన్నాడు విసుగ్గా. గట్టునున్న జాలరి పడవను పిలిపించాం. లాంచీ వెనక భాగం నీళ్లకు దగ్గరగా ఉంటుంది. అక్కడ పడవను ఆనించి, నేనూ సాయిలూ చెరో రెక్కా పట్టుకుని ఆమెను అందులో కూర్చోబెట్టాం. నేనూ వాళ్లతో ఎక్కాను. తెడ్డు సాయిలే అందుకున్నాడు.

"ఏందే, కొత్త పెండ్లికూతురు లెక్క నవ్వుతున్నవ్?" అన్నాడు.

"నువ్వు ముందుకు సూసి నడుపు" అంది.

పడవ ఇసుకకు ఆనగానే నర్సవ్వ అంచు మీంచి కాళ్లు జార్చి, పాదాలు మునిగేలా నిలబడింది. పసుపు కుంకుమలు నీళ్లలో వదిలి, "నా పెనిమిటిని సల్లగ సూడు తల్లీ" అని పైకే అంది. తనకోసం ఒక్క మాట అడగలేదు. సాయిలు అటు తిరిగి, అప్పటికే తడిసివున్న తెడ్డును కడుగుతూ కూర్చున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, లాంచీ కదలకముందే అందరి దగ్గరికీ వెళ్లి, ఎవరికి ఎక్కడ దిగాలని ఉందో అడిగేవాణ్ణి. అంత దూరం వచ్చే మనిషికి ఏదో ఒక పని ఉంటుంది. అడిగితే తప్ప చెప్పరు.