పేడగ్యాసు గుంత

చెంగమ్మకు ఆ గుంతంటే మొదటినుంచీ భయమే. 1958లో ఆమె భర్త దొరస్వామి, తిరుత్తణి దగ్గరి తమ పల్లెలో, పశువుల కొట్టం వెనక రెండు నిలువుల గుంత తవ్వించి, ఇటికెలతో కట్టించి, పైన ఇనపడ్రమ్ము బోర్లించాడు. పేడ నీళ్లలో కలిపి పోస్తే గ్యాసు పుట్టి పొయ్యి మండుతుందనీ, మిగిలిన మడ్డి చెరుకుకు ఎరువవుతుందనీ ఖాదీ ఆఫీసువాళ్లు చెప్పారు. చెప్పినట్టే అయింది. పిడకల పొగ పోయింది. అయినా ఆ నీలం మంట వెలిగించేటప్పుడల్లా ఆమె ముఖం పక్కకు తిప్పుకునేది.

ఆమె తండ్రి బావుల్లో పూడిక తీసేవాడు. ఒక పాడుబావిలో చెడుగాలికి ఆయన కూలిపోతే, ఎత్తడానికి దిగిన ఆయన తమ్ముడూ పైకి రాలేదు. తొమ్మిదేళ్ల చెంగమ్మ గట్టు మీంచి అంతా చూసింది.

రెండో ఏడు ఎండాకాలంలో గ్యాసు తగ్గింది. అడుగున మడ్డి గట్టిపడిందని దొరస్వామి డ్రమ్ము తీయించి, పైపైది తోడించి, నిచ్చెన దించాడు.

"దిగొద్దు మామా," అంది చెంగమ్మ. అతను ఆమెకు సొంత మేనమామే. "లోపల గాలి చెడి ఉంటాది."

"ఏమ్మే, అది పేడ, పాము కాదు."

"అట్లయితే నడుముకు మోకు కట్టుకో. లేదంటే నేనూ నీ ఎనకాలే దిగతా."

పక్కింటి వేలాయుధం నవ్వాడు. ఆమె మొండితనం తెలిసిన దొరస్వామి మోకు కట్టించుకున్నాడు.

రెండు గంపల మడ్డి పైకొచ్చింది. మూడోది రాలేదు.

"మామా!"

చెంగమ్మ వంగి లోపలికి చూసింది. దొరస్వామి గోడకు చేరగిలబడ్డాడు, తల వాలిపోయింది. వేలాయుధం నిచ్చెన మీద కాలు పెట్టాడు. చెంగమ్మ అతని చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"నువ్వు దిగితే ఇద్దరూ పోతారన్నా! మోకు లాగు!"

ఆమె కూడా మోకు అందుకుని గుంజింది. అరచేతుల తోలు ఊడింది. ఎట్లాగో ఇద్దరూ అతన్ని పైకి లాగి గాలికి పడుకోబెట్టారు. ఎంతకూ కదలడే. చేటతో విసురుతూ ఆమె పిలుస్తూనే ఉంది. చివరికి దగ్గు వచ్చింది.

"యాడున్నా?" అన్నాడు దొరస్వామి.

"మన దొడ్లోనే ఉండావు," అని అప్పుడు ఏడ్చింది.

నాలుగు రోజుల తలనొప్పి తగ్గాక, గుంత పూడ్చేస్తానన్నాడు అతనే.

"పూడ్చొద్దు. మళ్లా ఆ పొగలో నేను ఊదలేను. లోపలికి మాత్రం ఎవురూ దిగకూడదు," అంది చెంగమ్మ.

ఆ తర్వాత వారానికోసారి, కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని, మడ్డి గట్టిపడకుండా డ్రమ్ము పక్క సందులోంచి, పొడుగాటి గడతో పైనుంచే తనే కలిపేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పొయ్యి చూడ్డానికొస్తే, ముందు గుంత దగ్గరికి తీసుకెళ్లి, ఆరోజు జరిగింది చెప్పేది. ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది.