దశరథం ముక్కూ నూటికి నూరు బ్యాటరీ

సూరత్ ఊళ్లోని ఉధ్నాలో ఉండే మన తెలుగువాళ్లు పాత సామాను ఏది కొనాలన్నా ముందు దశరథాన్ని వెంటబెట్టుకుని పోతారు. పాత ఫ్రిజ్జు, పాత కూలరు, పాత మిక్సీ, ఏదైనా సరే. ఆయన దాని వెనక్కి వెళ్లి, వంగి, కళ్లు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేసి ఒక్కసారి గాలి పీలుస్తాడు. "వైండింగు కాలింది, వద్దు" అంటే ఇక వద్దు. "తీస్కపో" అంటే బేరమాడటమే తరువాయి. డాక్టరు నాడి పట్టుకుని చెప్పినా అంత నమ్మరు నాయనా!

ఆ ముక్కుకు ఆ పేరు ఊరికే రాలేదు. దశరథం జగిత్యాల పక్క పల్లె నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చాడు. సాంచాల ఖాతాలో, అంటే మరమగ్గాల కార్ఖానాలో, కండెలు అందించే పనిలో చేరి, మగ్గాలు చెడితే బాగుచేసే జాబరు దాకా ఎదిగాడు. వందల సాంచాలు ఒక్కసారి దడదడలాడే చోట చెవులకేం పని? ఏ మోటరు వేడెక్కిందో, ఏ బెల్టు జారుతోందో ఆయనకు వాసనే చెప్పేది. యజమాని శేఠ్ కూడా ఇంటికొచ్చిన చుట్టాలను ఖాతాకు తీసుకొచ్చి, సాంచాలను చూపించినట్టే దశరథం ముక్కును కూడా చూపించేవాడు. పొగడ్త ఎవరికి చేదు? మనిషికి ఒంట్లో ఇంకే భాగం మీదా లేనంత గర్వం ముక్కు మీద ఉండేది.

అలాంటి ముక్కు కాస్తా పోయింది.

రెండో కరోనాలో దశరథానికి జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, నాలుకకు ఉప్పూ కారం మెల్లగా తెలిసొచ్చాయి. వాసన మాత్రం వెళ్లిందే గానీ తిరిగి రాలేదు. అగరుబత్తీ ఒకటే, ఆముదమూ ఒకటే. "వస్తుంది, ఎప్పుడని చెప్పలేను" అన్నాడు డాక్టరు. లాక్‌డౌన్ దెబ్బకు ఖాతాలో సగం సాంచాలే తిరుగుతున్నాయి, మనుషుల్ని తీసేయడానికి శేఠ్‌కు సాకు దొరికితే చాలు. వాసన తెలియని జాబరును ఎవడు పెట్టుకుంటాడు? అందుకే దశరథం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. దొంగచాటుగా ఒక్కో మోటరు మీదా చెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ, పైకి మాత్రం ముక్కు ఎగరేస్తూ రోజులు నెట్టుకొచ్చాడు. పెళ్లాం కొమురవ్వకు కూడా చెప్పలేదు. ఆమెకు చెబితే పక్కింటి గంగవ్వకు తెలుస్తుంది. గంగవ్వకు తెలిస్తే ఉధ్నా స్టేషన్ మైకులో చెప్పించినట్టే.

కొమురవ్వది జొన్నరొట్టెల మెస్. లాక్‌డౌన్ తర్వాత తిరిగొచ్చిన మనవాళ్లలో చాలామందికి ఊరికి దూరంగా ఉన్న జోల్వా ఖాతాల్లో పని దొరికింది. వాళ్ల నోటికేమో కొమురవ్వ పప్పే కావాలి. ఆటోలో పంపితే ఆలస్యం, చల్లారిన రొట్టె అట్టముక్క. ఈలోగా ఆ దారిలోని కడోదరాలో ఎవరో కొత్త మెస్ తెరిచారని కబురొచ్చింది. "బండి లేకుంటే గిరాకంత అటే పోతది" అని కొమురవ్వ పట్టు పట్టింది. పెట్రోలు ధరేమో కొండెక్కి కూర్చుంది. సరిగ్గా అప్పుడే వినోద్ వచ్చాడు. వాడు ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లగాడే, పాత కార్ల దలాలీ చేస్తాడు. ఒక సెకండ్ హ్యాండ్ కరెంటు కారు ఉందన్నాడు.

కరెంటు కారు! దశరథానికి లోలోపల పాయసం తాగినట్టయింది. ఇంజనుండదు, పొగుండదు, ఆయిలుండదు. వాసనే రాని బండి ముందు తన ముక్కూ ఊళ్లోవాళ్ల ముక్కూ సమానమే కదా! పరువు పోకుండా పరీక్ష చేయగల బండి లోకంలో ఇదొక్కటే అనుకున్నాడు.

కొమురవ్వ మాత్రం హజీరాలో ఇంజనీరుగా ఉన్న సుబ్బారావు గారికి ఫోను కలిపి మొగుడి చేతికిచ్చింది. ఆయన ఆదివారాలు ఆమె దగ్గర సర్వపిండి తెప్పించుకుంటాడు.

"చూడండి దశరథం గారూ, ఆ మోడల్లో రెండు రకాల బ్యాటరీలొచ్చాయి, చిన్నదీ పెద్దదీ. పైకి రెండు కార్లూ ఒక్కలాగే ఉంటాయి. ఏ బ్యాటరీ ఉందో సర్వీసు సెంటర్లో కాగితం మీద రాయించుకోండి, అమ్మేవాడి నోటిమాట నమ్మొద్దు" అన్నాడు సుబ్బారావు. "ఇంకోటండీ. తెర మీద నూరు శాతం చూసి మురిసిపోకండి. ఇప్పుడు ఎంత నిండిందో చెబుతుంది గానీ, అసలు ఎంత పడుతుందో అది చెప్పదు. పాతబడిన కొద్దీ పట్టేది తగ్గిపోతుంది. మీరు రోజూ పోయే దారిలో, రోజూ మోసే బరువుతో ఒకసారి తోలి చూడండి."

"అట్లనే సారూ" అని దశరథం ఫోను పెట్టేశాడు. "చదువుకున్నోళ్లకు అన్నిట్ల అనుమానమేనే. ఇన్నేండ్ల సంది మోటర్లు చూస్తున్న, నాకు చెప్తడా?" అన్నాడు పెళ్లాంతో. కొమురవ్వ పిండిని ఇంకాస్త గట్టిగా పిసికింది.

కారు బుడ్డది, తెల్లనిది, చూడముచ్చటగానే ఉంది. వినోద్ తలుపు తీయగానే కొమురవ్వ మాస్కు మీద కొంగు కూడా కప్పుకుని వరసపెట్టి తుమ్మింది. పాత ఓనరు అందులో రంగుల డబ్బాలు మోసేవాడట. ఆ కంపు పోవడానికి వినోద్ పొద్దున్నే రెండు సీసాల సెంటు గుమ్మరించాడు. కంపు పోలేదు, సెంటూ పోలేదు. రెండూ కలిసి వీధి చివరి దాకా కొడుతున్నాయి.

"బ్యాటరీ ఏడున్నదిరా?"

"కింద కాకా, సీట్ల కింద. పెద్ద బ్యాటరీ అని కారు అమ్మే శేఠ్ చెప్పిండు."

దశరథం మాస్కు కిందికి లాగి, తలకాయ కారులోకి దూర్చి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. చుట్టూ చేరిన జనం కూడా ఊపిరి బిగబట్టారు, వాళ్లది మాత్రం కంపు భరించలేక.

"వాసన అన్నదే లేదు. కడిగిన ముత్యం లెక్కున్నది" అని తీర్పు చెప్పాడు. బ్యాటరీ సంగతే అంటున్నాడనుకుని జనం తలలూపారు.

వినోద్ నోరు తెరిచాడు. వెంటనే తేరుకుని మూసుకున్నాడు, అమ్మేవాడికి అంతకన్నా ఏం కావాలి? "చూడు కాకా, హండ్రెడ్ పర్సెంట్! ఫుల్ ఛే!" అని గుజరాతీ కలిపి చెబుతూ తెర చూపించాడు.

"నూటికి నూరా! ఏడో తరగతిల నాకు అండ్ల సగం గూడ రాలె" అని మురిసిపోయాడు దశరథం. "ఇగ చూసేదేమున్నది? ఖాయం చేస్కుందాం."

కొమురవ్వ మొగుడి ముఖంలోకి ఒక్క చూపు చూసింది. "ఏమయ్యా, ఒక తాకా నేసి చూడంది నువ్వు ఎన్నడన్న ఎవ్వలకన్న పాత సాంచ కొనిచ్చినవా?" అంది.

తాకా అంటే మగ్గం మీంచి దిగే పూర్తి తాను. కొనే ముందు ఒక్క తానైనా నేయించి చూడాలన్నది దశరథం పెట్టిన రూలే, ఉధ్నాలో అందరికీ తెలుసు. దశరథం తల గోక్కున్నాడు.

"మల్ల? రేపు టిఫిన్లు దీంట్లనే జోల్వాకు పోతయ్. పోయి, మర్లి వస్తే అప్పుడు కొందాం" అంది కొమురవ్వ.

మర్నాడు టిఫిన్లు, పప్పు గిన్నెలు, రొట్టెల బుట్టలు, వెనక సీట్లో కొమురవ్వ, ముందు దశరథం, తోలడానికి వినోద్. కారు చప్పుడు లేకుండా జారుతుంటే దశరథం మహారాజులా కూర్చున్నాడు. ఉధ్నా దాటకముందే తెర మీద అంకె దిగడం మొదలుపెట్టింది. మెల్లగా కాదు, నిచ్చెన దిగినట్టు.

"కాకా, ఏసీ బంద్ చేద్దాం" అన్నాడు వినోద్. చెమటలు కారాయి. కాసేపటికి పాటలు బంద్ అన్నాడు. ఇంకాసేపటికి అద్దాలు మూసేద్దాం, గాలికి బండి ఆగుతోందన్నాడు. మూసిన అద్దాల్లో సెంటూ రంగులూ కలిసి కొడుతుంటే వాడికే కళ్లు తిరిగాయి.

"చిన్నమ్మా, జర బరువు తగ్గిస్తే..."

"ఏంది, నన్ను దించుతవా? దిగితె టిఫిన్లతోటి దిగుత!"

కారే ముందు దిగిపోయింది. కడోదరా బ్రిడ్జి కింద ఒక్కసారి నిట్టూర్చినట్టు మెల్లబడి, పక్కకు ఒరిగి ఆగింది. పైన పటారం, లోన లొటారం. వినోద్ తలపట్టుకుని, జోల్వాలో కొమురవ్వ టిఫిన్ తినే సంపత్‌కు ఫోను చేసి, వాళ్ల ఖాతా టెంపోను ఎదురు పంపమని బతిమాలి, దారి చూపడానికి మలుపు దాకా పోయాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరే మిగిలారు. సన్నగా తుంపర.

"నూరున్నదిగదనే! ఏడికి పోయింది?" అన్నాడు దశరథం, సొంత జేబు కొట్టేసినట్టు.

కొమురవ్వ తమ ఇద్దరి కోసం తెచ్చుకున్న చిన్న గిన్నె మూత తీసింది. "ఇగో, ఇది నిండ ఉన్నదా లేదా?"

"నిండనే ఉన్నది."

ఆమె గరిటె ముంచింది. సగంలోనే టక్కున తగిలింది. "అడుగు మాడి ఇంత మందం పట్టింది. పైకి చూస్తే నిండు గిన్నె, వొడ్డిస్తే ఒక్కల్లకే సాలది. సారు చెప్పింది గిదే కదనయ్యా. నిండుడు కాదు, ఎంత పడ్తదో చూడాలె."

దశరథానికి బ్యాటరీ సంగతి టక్కున అర్థమైంది. దాని వెనకే ఇంకో సంగతి కూడా. "మాడిందా? ఎప్పుడు మాడింది? నాకు..." అని ఆగిపోయాడు.

"పొద్దుగాల నీ పక్కనే మాడింది. నువ్వు పొయ్యి కాడనే కూసోని చాయ తాగినవ్." కొమురవ్వ గిన్నెకు మూత పెట్టింది. "జరమొచ్చి పోయిన సంది ప్రతి ఆయితారం జరంత మాడబెడుతనే ఉన్న. నీకు వాసనొస్తదేమో, 'ఏందే ఇది' అని తిడ్తవేమో అని చూస్తున్న. నువ్వేమో కమ్మగున్నదని తింటివి. ఇయ్యాల జర ఎక్కువ మాడింది."

దశరథం ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. "ఎవ్వలకన్న చెప్పినవా?"

"గంగవ్వకు గూడ చెప్పలె."

గంగవ్వకు కూడా చెప్పలేదు! ముప్పై ఏళ్లలో ఇంట్లో దోసకాయ చేదైనా గంగవ్వకు చెప్పకుండా ఉండలేని మనిషి, ఇన్ని నెలలు ఈ మాటను కడుపులో దాచుకుందంటే! దశరథానికి ఏడుపొచ్చింది. తుంపర పడుతోంది కాబట్టి సరిపోయింది.

టెంపో వచ్చింది. టిఫిన్లు వేడిగానే చేరాయి. కారు మాత్రం తాడు కట్టించుకుని జోల్వా దాకా ఊరేగింది. తర్వాత సర్వీసు సెంటర్లో చూపిస్తే, అది చిన్న బ్యాటరీయేననీ, అదీ సగానికి పైగా అరిగిపోయిందనీ కాగితం మీద రాసిచ్చారు. వినోద్ చెవులు పట్టుకున్నాడు, వాడినీ ఆ కారు శేఠ్ మోసం చేశాడట. నెల తిరక్కుండా ఇంకో కారు తెచ్చాడు. ఈసారి ముందు కాగితం చూశారు, తర్వాత గిన్నెలు నింపి జోల్వాకు పోయి మర్లి వచ్చారు, ఆ తర్వాతే బేరం మాట్లాడారు.

దశరథం పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరైనా ఫ్రిజ్జు చూడమంటే మొగుడూ పెళ్లాం కలిసే పోతున్నారు. ఆయన వంగి ముక్కు ఎగరేస్తాడు. వెనక నిలబడ్డ కొమురవ్వకు కాలిన వాసనొస్తే ఆయన మోచేయి గిల్లుతుంది. "వద్దు" అంటాడు దశరథం, గంభీరంగా, నొప్పిని దిగమింగుకుంటూ.

దీపావళికి ఖాతాలు మూసేశారు. ఆదివారం పొద్దున దశరథం వాకిట్లో కూర్చుని కొత్త కారు అద్దం తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది. ముక్కుపుటాలు వాటంతటవే ఎగిరాయి.

"ఏందే కొమురీ! పప్పు మాడుతున్నది, దించు!"

కొమురవ్వ గరిటె చేత్తో అలాగే గడపలోకి వచ్చి నిలబడింది. "ఏమన్నవ్? మల్లొక్కపారి అను."

"మాడుతున్నదే! సోయి ఉన్నదా నీకు?"

కొమురవ్వ పప్పు దించలేదు. గడపలోనే కూలబడి, ముఖానికి కొంగు కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో గోడ మీంచి తొంగిచూసిన గంగవ్వకు అర్థం కాలేదు. దశరథం మాత్రం తుడుపుగుడ్డ పారేసి, పొయ్యి దగ్గరికి పరిగెత్తి, ఆ మాడు వాసనను కళ్లు మూసుకుని గుండెల నిండా పీలుస్తూ నిలబడ్డాడు.

పప్పు బొగ్గయింది. ఆ పూట ఇద్దరూ తొక్కు వేసుకుని తిన్నారు.