శ్రావణ శుక్రవారం రిలీజ్

రిటైర్మెంటుకు ఏడాది ముందు, శ్రావణ మాసంలో, మా కంపెనీ నన్ను గన్నవరం ఆఫీసులో రొయ్యల చెరువుల యాప్‌కు టెస్ట్ లీడ్‌గా వేసింది. టెస్టర్ అంటే ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి జీతం పుచ్చుకునేవాడు. మా ఆవిడ ఇదే పని నా మీద జీతం లేకుండా చేస్తుంది. నాకంటే బాగా చేస్తుంది.

చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్యలు ఊపిరాడక చస్తాయి. అవి ఆగగానే రైతు ఫోన్ మోగించడం మా యాప్ పని. యాప్ పరీక్షలన్నీ పాసైంది. ఎందుకో అనుమానమొచ్చి, చెరువు గట్టున బిగిస్తే యాప్‌కు కబుర్లు పంపే పెట్టె ఒకటి ఆఫీసులో ఉంటే, దాని ప్లగ్గు పీకాను. ఫోన్‌లో మాత్రం ‘ఏరియేటర్లు తిరుగుతున్నాయి’ అని పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. పెట్టెకే కరెంటు పోతే కొత్త కబురు పంపే దిక్కులేక, యాప్ పాత కబురే పట్టుకు వేలాడుతోందన్నమాట.

మా పద్ధతిలో లోపం ఎంత తీవ్రమో టెస్టర్ రాస్తాడు. ఎప్పుడు సరిచేయాలో మేనేజర్ తేలుస్తాడు. నేను ‘బ్లాకర్’ అని రాశాను. అంటే ఇది ఉండగా రిలీజ్ కుదరదని.

మేనేజర్ ప్రసాద్ గారు నా టేబుల్ దగ్గరికి వచ్చారు. “రేపు శ్రావణ శుక్రవారం, దివ్యమైన ముహూర్తమండీ. ఎండీ గారు బటన్ నొక్కుతారు. కాస్త తగ్గించి రాయండి. కరెంటు పోవడమనేది అరుదైన కేసు కదా.”

ఆఫీసు మొత్తం ఇన్వర్టర్ మీద నడుస్తుండగా అన్నారా మాట.

యాప్‌కు మొదట కలపబోయేది కైకలూరు దగ్గర సుబ్బారాయుడు గారి చెరువు. ఆయనకు ఫోన్ చేశాను.

“కాపలా సత్తియ్యని నిన్నే మానిపించేశానండీ. మీ యాప్ ఉందిగా, ఇంక వాడెందుకూ!” అన్నారు సంబరంగా.

మళ్ళీ ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళాను. “తీవ్రత తగ్గించనండీ. అయినా ముహూర్తం బటన్‌కే గానీ చెరువుకి కాదుగా. బటన్‌ని టెస్ట్ సర్వర్‌కి తగిలిద్దాం.”

టెస్ట్ సర్వర్‌లో ఉండేది ఉత్తుత్తి చెరువు.

“ఎండీ గారు కనిపెడితే?”

“ఆయన చూసేది పచ్చ లైటేగా. అది మన దగ్గర ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.”

మర్నాడు కొబ్బరికాయ కొట్టారు. ఎండీ గారు బటన్ నొక్కారు. లేని రొయ్యల మీద అక్షింతలు పడ్డాయి.

వేడుకకు వచ్చిన సుబ్బారాయుడు గారిని పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పాను.

“మరి ఇందాక చప్పట్లు కొట్టింది దేనికండీ?”

“లేని చెరువుకండీ.”

“బాగానే ఉంది. అయితే ఉన్న చెరువుకి సత్తియ్యని పిలుచుకోవాలి” అంటూ అక్కడే ఫోన్ తీశారు.

ఆ వారంలోనే కైకలూరు వైపు కరెంటు పోయింది. సత్తియ్య జనరేటర్ వేశాడు, రొయ్యలు బతికాయి. మేము లోపం సరిచేసి, ఏ ముహూర్తమూ లేని ఒక మంగళవారం ఆ చెరువును నిజంగా కలిపాం. ఎండీ గారు బటన్ నొక్కుతున్న ఫొటో ఇప్పటికీ రిసెప్షన్‌లో ఉంది.

ముహూర్తం పెట్టేవాళ్ళతో వాదించి నేను ఏనాడూ గెలవలేదు. ఆ బటన్ వెనక వైరు ఎక్కడికి వెళ్తోందో చూసుకోవడమే టెస్టర్ పని.